మామూ మురాఫా

మా ఇంట్లో పింఛన్ అనే మాట వాడం. వజీఫా అంటాం. నిజాం జమానా దఫ్తర్ల నుంచి మిగిలిన మాట అది. మా నానా బాయి పని నుంచి రిటైరైన రోజు నానీ ఇరుగుపొరుగుకు "వజీఫే పే ఆగయే" అని చెప్పుకుందట. బడిపిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పూ వజీఫానే. నమాజ్ తర్వాత తస్బీ తిప్పుతూ చదువుకునేదీ వజీఫానే. ఖైరాత్ వేరు, జకాత్ వేరు, వజీఫా వేరు. అందులో ఇజ్జత్ ఉంది.

మా చిన్న మామూకు ఆ వజీఫా తొమ్మిదేళ్లు రాలేదు. ఆ తొమ్మిదేళ్లలో కొన్ని నా తెలివితక్కువతనం వల్ల పోయినై. ఇప్పుడు రాస్తున్నది ముఖ్యంగా ఆ సంగతే.

మామూ ఫిట్టర్. చదువు ఐదో జమాత్. చేతిలో పెట్టిన ఏ యంత్రాన్నైనా విప్పి మళ్లీ బిగించేవాడు. గోదావరిఖనిలో మనుషులు రెండు రకాలు: పర్మనెంటు, కాంట్రాక్టు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మొదటి ప్రశ్న అదే. మామూ రెండో రకం. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ఒక గుత్తేదారు దగ్గర డోజర్లు, డంపర్లు రిపేరు చేసేవాడు. 2012 వానాకాలంలో ఒక రాత్రి డోజర్ ట్రాక్ పిన్నును సుత్తెతో కొడుతుంటే గోరంత ఇనుప పెచ్చు లేచి ఎడమ కంట్లో దిగింది. కళ్లద్దాలు ఇచ్చే ఆచారం ఆ షెడ్డులో లేదు. పట్నంలో ఆపరేషన్ చేసి కన్నే తీసేశారు. దాని బదులు రాయి కన్ను పెట్టారు.

గుత్తేదారు మనిషి ఇంటికొచ్చి 50 వేలు చేతిలో పెట్టి రెండు కాగితాల మీద సంతకం తీసుకుపోయాడు. ఒకటి ఖాళీ కాగితం. అప్పుడు నేను కరీంనగర్‌లో డెస్కులో ఉన్నాను. ఫోన్లో విని "సరే, ఎంతో కొంత ఇచ్చాడు కదా" అన్నాను. ఇదీ పత్రికల్లో కార్మికుల హక్కుల గురించి రాసే మనిషి మాట.

బొగ్గు బాయిల ఊళ్లో ఒక వింత ఉంది. మిగతా లోకంలో 'అన్‌ఫిట్' అంటే తిట్టు. ఇక్కడ అది వరం. పర్మనెంటు కార్మికుణ్ణి మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కొడుక్కో అల్లుడికో ఉద్యోగం వస్తుంది. కొత్తగూడెం బోర్డుకు పోయేముందు ఇళ్లల్లో మొక్కులు మొక్కుతారు, దర్గాల్లో చాదర్ కప్పుతారు. "మావోడు అన్‌ఫిట్ అయిండు" అని మిఠాయి పంచడం నేను చూశాను. మామూకు ఆ బోర్డు లేదు, ఆ అన్‌ఫిటూ లేదు. ఒంటి కన్నుతో ట్రాక్ పిన్ను దగ్గరికి ఎవరూ రానివ్వలేదు కాబట్టి లక్ష్మీనగర్ మార్కెట్ దగ్గర సైకిళ్లకు పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు.

2013లో ముమానీ బలవంతం మీద సదరం క్యాంపుకు పోయాడు. అప్పటికి వికలాంగుల పింఛన్ నెలకు 500. పొద్దున ఆరింటికి లైన్లో నిలబడితే మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. చార్టు చదవమన్నారు, చదివాడు. రాయి కన్ను తీసి చూపించమన్నారు, చూపించాడు. కాగితం మీద 30 శాతం అని వచ్చింది. పింఛన్‌కు 40 కావాలి. ఐదువందలే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. 2014 నవంబరులో ఆసరా వచ్చి వికలాంగులకు 1500 చేశాక ఆ 30 అనే అంకె ఇంట్లో కూర్చుంది. ఉర్దూలో శాతాన్ని ఫీసద్ అంటారు. ముమానీ రోజుకు నాలుగు సార్లు అనేది, "తీస్ ఫీసద్! రెండు కళ్లలో ఒకటి పోతే సగం కాదా? పచాస్ ఫీసద్ కాదా?"

ఆమె హిసాబ్‌కు నా దగ్గర జవాబ్ లేదు. నేను ఉర్దూ మీడియంలో లెక్కలు చదివినవాణ్ణి, తర్వాత తెలుగులో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. లెక్క తెలియనప్పుడు భాష వాడటం నాకు అలవాటు. రెండు పేజీల అర్జీ రాశాను. అందులో మామూ పేదరికం ఉంది, గుత్తేదారు దుర్మార్గం ఉంది, ఇద్దరు ఆడపిల్లల పెళ్లి ఉంది, సమాజం గురించి ఒక పేరా ఉంది. మామూ కన్ను గురించి ఒకటే వాక్యం ఉంది. అప్పటికి పెద్దపల్లి జిల్లా కాలేదు. సోమవారం ప్రజావాణికి రెండు గంటలు బస్సులో కూర్చొని కరీంనగర్ పోయి ఇచ్చాం. రశీదు ఇచ్చారు. నెల తర్వాత ఒక లైను జవాబు వచ్చింది: 40 శాతం కన్నా తక్కువ ఉన్నందున అర్హత లేదు.

అప్పుడు చేశాను అసలు తప్పు. విలేకరిని కదా. ఒక ఆదివారం పొద్దున మామూ దుకాణం ముందు కూర్చోబెట్టి, నల్లద్దాలు తీయమని, రాయి కన్ను కూడా తీయమని ఫోటో తీశాను. ఆయన "కైకు బేటా?" అని ఒక్కసారి అడిగాడు. "మీకోసమే మామూ" అన్నాను. మరుసటి రోజు జిల్లా పేజీలో మూడు కాలాల వార్త. కింద నా పేరు. నాలుగైదు ఫోన్లు వచ్చినై, ఇద్దరు నాయకులు "చూద్దాం" అన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

మామూ మాత్రం మూడు జుమ్మాలు మా మసీదుకు రాలేదు. ఊరి అవతల ఇంకో మసీదుకు నడిచిపోతున్నాడని తర్వాత తెలిసింది. వజూ చేసేటప్పుడు ముఖం కడగాలి, అద్దాలు తీయాలి. పేపర్లో చూసినవాళ్లు అప్పుడు కూడా చూస్తారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి పోతే చాయ్ ఇప్పించి, కుర్చీ నా వైపు కాకుండా గోడ వైపు తిప్పుకొని కూర్చునేవాడు. అలా ఐదారేళ్లు వజీఫా మాట మా ఇద్దరి మధ్య రాలేదు.

ఈ మధ్యలో గాంధీ చౌక్ దగ్గర ఒక వకీల్ సాబ్‌తో ఏదో వార్త పని మీద కూర్చున్నప్పుడు మామూ సంగతి చెప్పాను. ఆయన బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. కార్మికుల నష్టపరిహార చట్టం, 1923. వెనకాల ఒక షెడ్యూల్. ఏ వేలు పోతే ఎంత, ఏ కాలు పోతే ఎంత. బొటనవేలు 30. నాలుగు వేళ్లూ పోతే 50. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది మంచిగా ఉంటే 40. కన్ను ఉండి, చూపు మాత్రమే పోతే 30.

"నలభై!" అని కేక పెట్టాను. వకీల్ సాబ్ నవ్వి, "ఆ నలభై వేరు మియా" అన్నాడు. ఆ షెడ్యూల్ కొలిచేది సంపాదించే తాకత్ ఎంత పోయిందని. సదరం కొలిచేది శరీరం ఎంత చెడిందని. దాని పట్టికలో ఒక కన్ను అసలే లేక, రెండో కన్ను మంచిగా ఉంటే 30. అంటే క్యాంపులో డాక్టర్ తన పట్టిక ప్రకారం సరిగ్గానే వేశాడు. నేను రెండు పేజీలు, మూడు కాలాలు రాసింది ఒక సరైన కూడిక మీద.

ఆయన ఇంకో మాట చెప్పాడు. 1975లో సుప్రీంకోర్టులో ఒక వడ్రంగి కేసు. పనిలో కిందపడి ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. షెడ్యూల్ ప్రకారం వందకు వంద కాదని యజమాని వాదన. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఆ మనిషికి పోయింది నూటికి నూరు అని కోర్టు అన్నది. ఒంటి కన్ను ఫిట్టర్‌కూ ఆ మాట అడిగి ఉండొచ్చు. పైగా ఆ చట్టం ప్రకారం పరిహారం వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం చెల్లదు. గుత్తేదారు ఇవ్వకపోతే పని ఇచ్చిన పై యాజమాన్యాన్ని అడగొచ్చు. కానీ రెండేళ్లలో అడగాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషనర్ మన్నించొచ్చు గానీ, మా దగ్గర హాజరీ చిట్టీ లేదు, జీతం కాగితం లేదు, ఆ షెడ్డే లేదు. ఆ జాగాలో ఇప్పుడు మట్టిగుట్ట ఉంది. మామూకు చెబితే "నక్కో" అన్నాడు. ఫోన్లో "ఎంతో కొంత ఇచ్చాడు కదా" అన్న నా మాట ఆ రోజు చాలాసేపు చెవిలో తిరిగింది.

2021లో, కరోనా రెండో విడత సద్దుమణిగాక, మామూ ఇంట్లో ఒక నిఖా. వాకిట్లో నడుస్తూ ఆయన కుడి భుజం తలుపు చెక్కకు కొట్టుకున్నాడు. కాసేపటికి కుడిపక్కన పెట్టిన షర్బత్ గ్లాసు తోసేశాడు. ముమానీ మామూలుగా, "ఆయనకు పక్కన ఉన్నది కనబడదు. మొన్న ఆటో కింద పడబోయిండు. సీదా చూస్తే మాత్రం ఖురాన్ అక్షరాలు కూడా చదువుతడు" అన్నది. ఉన్న ఒక్క కన్నుకు పక్కచూపు లేదు. రెండేళ్లుగా లేదట. షుగర్ అనుకొని ఊరుకున్నారు.

కంటి డాక్టర్ చూసి గ్లకోమా అన్నది. తెలుగులో నీటికాసులు, మా ఇళ్లల్లో కాలా మోతియా. సఫేద్ మోతియా, అంటే శుక్లం, మసకగా వచ్చి తెలిసిపోతుంది. కాలా మోతియా చప్పుడు లేకుండా అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే చార్టు చదవమంటే మనిషి గడగడా చదువుతాడు. ఆమె ఒక యంత్రం ముందు మామూను కూర్చోబెట్టింది. నడుమ ఒక చుక్కను చూస్తుండాలి, చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే బటన్ నొక్కాలి. పెరిమెట్రీ అంటారు. మామూ చాలాసేపు నొక్కకుండానే కూర్చున్నాడు. "మిషన్ చాలూ అయిందా?" అని అడిగాడు. అప్పటికి అది సగం అయిపోయింది.

అప్పుడు మళ్లీ ఆ మాట ఎత్తాను. మామూ గోడ వైపు తిరిగాడు. "ఫోటో ఉండదు మామూ. వార్త ఉండదు. కాగితాలే" అన్నాను. కాసేపటికి "దేఖో" అన్నాడు. చూడు అని.

ఈసారి అర్జీ కన్నా ముందు కితాబ్ చదివాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం. దాని కింద 2018 జనవరిలో కేంద్రం గెజిట్‌లో అచ్చేసిన కొలతల పద్ధతి. అందులో కళ్ల పట్టికలో రెండు కొలతలు ఉన్నాయి. ఒకటి చార్టు చూపు. రెండోది దృష్టి క్షేత్రం, అంటే ఎటూ తిరగకుండా ఎంత మేర కనబడుతుందని. మంచి కన్ను చార్టు బాగా చదివినా, క్షేత్రం 40 డిగ్రీల లోపుకు కుంచించుకుపోతే ఆ కన్ను 'మంచి కన్ను' గడిలోంచి జారిపోతుంది. ఇన్నేళ్లూ శాతాల గురించే కొట్లాడినవాణ్ణి డిగ్రీల గురించి ఎన్నడూ అడగలేదు.

మీసేవలో స్లాట్ బుక్ చేసుకొని మళ్లీ క్యాంపుకు పోయాం. మామూ చార్టు గడగడా చదివాడు. పెరిమెట్రీ కాగితం ఇస్తే అక్కడి కంప్యూటర్ అబ్బాయి "బయటి రిపోర్టు నడవదు" అన్నాడు. మళ్లీ 30. నాలో పాత విలేకరి లేచి ఫోన్ తీయబోయాడు. మామూ నా చెయ్యి పట్టుకున్నాడు.

పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మామూను పరీక్షించిన షీటు నకలు ఇవ్వమని, ఇంకేమీ అడగలేదు. చట్టం 30 రోజుల గడువు ఇస్తుంది, గడువు అంచున వచ్చింది. ఒక పేజీ. ఎడమ కన్ను: లేదు. కుడి కన్ను: 6/9. దృష్టి క్షేత్రం అన్న గడి ఖాళీ. ఆ ఖాళీ గడిని ఎంతసేపు చూశానో. మా ఇంట్లో ఎనిమిదేళ్ల గొడవకు జాగా అంతే, వేలెడంత.

చట్టంలో 59వ సెక్షన్ ఒకటి ఉంది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల ఫైసలా మీద నాఖుషీ ఉంటే పైవాళ్లకు అప్పీల్ చేసుకోవచ్చు. అప్పీలుకు మా పాత ఉర్దూలో మాట మురాఫా. మా నానా భూమి పంచాయతీ కాగితాల్లో చూశాను ఆ మాట. తెలుగులో అర్జీ ఉంది, ఫైసలా ఉంది, దాఖలా, పేషీ, వకీలు అన్నీ ఉన్నాయి. మురాఫా ఒక్కటే ఎందుకో దారిలో రాలిపోయింది. మామూకు "అప్పీల్" అంటే మళ్లీ ఎవరి ముందో చేతులు కట్టుకొని నిలబడటం అనిపించింది. "మురాఫా వేద్దాం" అంటే నానా గుర్తొచ్చాడు కాబోలు, "హౌ, డాలో" అన్నాడు.

మురాఫాలో ఈసారి పేదరికం లేదు, ఆడపిల్లలు లేరు. ఏడు లైన్లు. ఎడమ కన్ను లేదు. కుడి కంట్లో గ్లకోమా. పరీక్ష షీటులో దృష్టి క్షేత్రం గడి ఖాళీగా ఉంది. పెరిమెట్రీ చేయించి, 2018 గెజిట్ పట్టిక ప్రకారం మళ్లీ లెక్కించాలి. జతచేసినవి మూడు. తెలుగు ఎంఏ చేసినవాడికి ఏడు లైన్ల దగ్గర ఆగడం ఎంత ముష్కిలో చెప్పలేను. ఒక ఉపమానమైనా పెట్టకుండా రాసిన మొదటి కాగితం అదే.

పెద్దాసుపత్రికి రమ్మని పిలుపొచ్చింది. అక్కడ ఒక పెద్దాయన, తెల్ల గడ్డం, కుర్చీలోంచి లేచి మామూను కూర్చోబెట్టాడు. రాయి కన్ను తీయమనలేదు, "అక్కర్లేదు, కనబడుతుంది" అన్నాడు. వాళ్ల యంత్రం మీదే పెరిమెట్రీ చేశారు. ఎప్పట్నుంచి తిరుగుతున్నారని అడిగాడు. నేను జవాబు చెప్పబోతుంటే మామూ తన ప్లాస్టిక్ కవర్‌లోంచి మడతలు పెట్టిన ఒక పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. నా వార్త. ఆ ఫోటో. మడతల దగ్గర తెల్లగా అరిగిపోయింది, ముఖం ఉన్న చోటే ఒక మడత.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామూ నావైపు చూడకుండా, డాక్టర్‌తో తెలుగులో, "తారీఖు ఉన్నది సార్ దాంట్ల. 2015. సబూత్" అన్నాడు.

బయటికొచ్చాక అడిగాను, ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నావని. "తేరా నామ్ హై నా నీచే" అన్నాడు. కింద నీ పేరు ఉంది కదా. కోపంతో దాచాడో, మేనల్లుడి పేరు పేపర్లో పడ్డందుకు దాచాడో ఆ మాటలో తెలియలేదు. మళ్లీ అడిగే ధైర్యం చేయలేదు.

సర్టిఫికెట్ మీద అంకె 40 దాటింది. ఎంత దాటిందో ఇక్కడ రాయను, మామూకు ఇష్టం లేదు. అప్పటికి 2022. వృద్ధాప్య పింఛన్ వయసు 57కు తగ్గించి ఆ ఆగస్టులో కొత్తవి ఇస్తున్నారు. మామూకు 59. వార్డులో ఒకాయన, మంచివాడే, "ఎందుకు కాకా ఈ తిప్పలు, ముసలి పింఛన్‌ల పేరు రాపియ్యి, 2016 ఊకెనే వస్తది" అన్నాడు. వికలాంగులది 3016. వెయ్యి తేడా. మామూ చెప్పిన జవాబులో వెయ్యి లేదు. "ముసలితనం అల్లా ఇచ్చిండు. కన్ను బాయి మీద పోయింది. రెండూ ఒక్కటెట్లయితై?" అన్నాడు.

ఉర్దూలో వికలాంగుణ్ణి మాజూర్ అంటారు. ఉజ్ర్ అనే మాట నుంచి వచ్చింది. ఉజ్ర్ ఉన్నవాడు, కారణం ఉన్నవాడు. నిలబడి నమాజ్ చదవలేకపోతే కూర్చొని చదవొచ్చు, అడిగేవాడు ఉండడు. ప్రభుత్వాలు వికలాంగుడు, దివ్యాంగుడు అని పేర్లు మారుస్తుంటాయి. మామూకు ఏ పేరూ పట్టింపు లేదు. ఆయన ఉజ్ర్ ఒక కాగితం మీద ఎవరో రాసి సంతకం పెట్టడమే ఆయనకు కావాల్సింది. అది ఇప్పుడు లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు, నా వార్త ముక్క పక్కనే.

మొదటి నెల పైసలు బ్యాంకులో పడ్డ రోజు నన్ను పిలిచాడు. ఫోన్ మెసేజ్ చదవలేక కాదు, నడిమి చూపు ఇంకా ఉంది, చుక్కల మందు వేసుకుంటున్నాడు. ఊరికే చదివించుకోవాలని. చదివాను. మూడు వేల పదహారు.

"యే సోలా క్యా హై?" అన్నాడు. ఈ పదహారేంటి?

తెలుగువాళ్ల చదివింపుల్లో నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు ఉంటాయి కదా, అదే అన్నాను. నిజాం హాలీ సిక్కా రూపాయలు నూటపదహారు చిల్లర ఇస్తే ఇంగ్లీషు రూపాయలు వంద వచ్చేవని, అట్లా మొదలైందని కొందరంటారని కూడా చెప్పాను. మామూ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"అంటే సోలా మన నిజాందే" అని, ముమానీని పిలిచి చాయ్ పెట్టమన్నాడు. కుర్చీ నా వైపే ఉంది.